సారీ లెటర్ రాసిచ్చేయమంటున్నారు, రాయాలా?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీ వయసు మా చిన్నోడి వయసు, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. ముందు నాకు అర్థమైంది చెప్తాను, తప్పుంటే దిద్దు.

పైడిభీమవరం వైపు ఓ కంపెనీలో ఆరేళ్లుగా ఆపరేటర్‌గా చేస్తున్నావు. పర్మినెంట్ వాళ్లే నాలుగొందల మంది పైన ఉన్నారు. పోయిన గురువారం మధ్యాహ్నం 2 గంటలకి బి షిఫ్ట్ ఎక్కావు. రాత్రి సి షిఫ్ట్‌కి రావాల్సిన మనిషి రాలేదని నిన్నే ఉంచేశారు. తెల్లవారుజామున 3:40కి కుర్చీలో కునుకు పట్టింది. షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోన్‌లో ఫొటో తీశాడు, మాటా మాటా పెరిగింది. సోమవారం ఛార్జిషీటు చేతిలో పెట్టారు. డ్యూటీలో నిద్రపోవడం ఒకటి, పై అధికారితో దురుసు ప్రవర్తన రెండు, క్రమశిక్షణకి భంగం మూడు. 48 గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి. హెచ్‌ఆర్ ఆయన లోపలికి పిలిచి "ఒక సారీ లెటర్ రాసిచ్చెయ్, వార్నింగ్‌తో పోతుంది, లేదంటే గౌరవంగా రిజైన్ చేసుకో" అన్నాడు. మీ యూనియన్ సెక్రటరీ "ఏమీ ఇవ్వకు, ఎంక్వైరీకీ వెళ్లకు, గేటు దగ్గర కూర్చుందాం" అన్నాడు. యూనియన్ పెట్టి రెండు నెలలే అయింది, అందులో నువ్వు జాయింట్ సెక్రటరీవి. ఈ ఆరేళ్లలో నీ మీద ఒక్క మెమో కూడా లేదు.

ఆ ఇద్దరి మాటా వినకు. సారీ లెటర్ వద్దు, బహిష్కరణ అసలే వద్దు. సంజాయిషీ ఇవ్వు, ఎంక్వైరీకి వెళ్లు, ప్రతి కాగితం కాపీ ఉంచుకో. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో 34 ఏళ్లు చేశాను. బదిలీ కార్మికుడిగా, అంటే రానివాళ్ల స్థానంలో పనిచేసేవాడిగా చేరి, స్పిన్నింగ్‌లో పర్మినెంటై, చివరికి యూనియన్ ఆఫీసులోనే సగం జీవితం గడిపాను. ఛార్జిషీటు అందుకున్నవాడి పక్కన తోటి కార్మికుడిగా కూర్చుని వాదించిన ఎంక్వైరీలు నలభై దాకా ఉంటాయి. వకీలుని కాను. కానీ ఆ గదిలో ఏం జరుగుతుందో వకీళ్ల కంటే ఎక్కువ చూశాను, ఎందుకంటే కార్మికుడి తరఫున వాళ్లని మామూలుగా ఆ గదిలోకి రానివ్వరు. కంపెనీ తరఫున వాదించేవాడు లా చదివినవాడైతే మాత్రం నీకూ వకీలుని అడిగే హక్కు ఉంది. అది గుర్తుపెట్టుకో.

మీ సెక్రటరీ చెప్పిన మాట ఒకప్పుడు నేనూ చెప్పినవాడినే. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు, ఉడుకు రక్తం మీదున్నాను. వీవింగ్‌లో ఒకాయన సిరిమాను పండగకి నాలుగు రోజులు చెప్పకుండా మానేశాడు. తిరిగొచ్చాక ఓవర్సీరు నిలదీస్తే ఈయన కూడా ఏదో అన్నాడు. ఛార్జిషీటు వచ్చింది. "మేనేజ్‌మెంట్ ఆడే నాటకంలో మనం వేషం కట్టక్కర్లేదు, వెళ్లకు" అని నేనే చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. రెండు సిట్టింగులు ఆయన లేకుండానే అయిపోయాయి, ఎక్స్‌పార్టీ. ఓవర్సీరు ఏం చెబితే అదే రికార్డు, అడ్డు ప్రశ్న వేసినవాడు లేడు. డిస్మిస్ చేశారు. విశాఖ లేబర్ కోర్టులో ఏళ్ల తరబడి తిరిగాం. అక్కడ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, పిలిచినప్పుడు ఎందుకు వెళ్లలేదు అని. నా దగ్గర జవాబు లేదు. "నాటకం" అన్న మాట కోర్టులో పనికిరాదు. ఆయన ఉద్యోగం తిరిగి రాలేదు. తర్వాత బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్నాడు. ఇప్పటికీ నేను వెళ్తే ఇడ్లీకి డబ్బులు తీసుకోడు. తీసుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అందుకని బహిష్కరణ మాట పక్కన పెట్టు. ఇక సారీ లెటర్.

మా రోజుల్లో మిల్లు లేబర్ ఆఫీసర్ కసురుకునేవాడు. ఇప్పటి హెచ్‌ఆర్ పిల్లలు టీ ఇప్పించి, నవ్వుతూ మాట్లాడతారు. కసురే నయం, జాగ్రత్తగా ఉండేవాళ్లం. ఆయన అడిగేది సారీ కాదు బాబూ, ఒప్పుకోలు. "నేను డ్యూటీలో నిద్రపోయాను, పై అధికారితో దురుసుగా మాట్లాడాను, క్షమించండి" అని నీ చేతిరాతతో ఒక్క ముక్క ఉంటే ఇక ఎంక్వైరీ అవసరమే ఉండదు. నేరం నువ్వే ఒప్పుకున్నావు, శిక్ష ఒక్కటే మిగులుతుంది. వార్నింగ్‌తో వదిలేస్తామన్న మాట ఎక్కడైనా రాసి ఉందా? ఆయన నోట్లోనే ఉంది. రేపు ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోతాడు, నీ లెటర్ మాత్రం ఫైల్లో ఉంటుంది.

రిజైన్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఒకవేళ ఇప్పటికే తెల్లకాగితం మీదో, ఏదైనా ఫారం మీదో సంతకం పెట్టించుకుని ఉంటే దాచకు, నాకు చెప్పు. బలవంతంగా తీసుకున్నారు, వెనక్కి తీసుకుంటున్నాను అని ఈ రోజే మెయిల్ పెట్టి, స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపాలి. వారం ఆగాక పంపితే దాన్ని ఎవరూ నమ్మరు.

మరి నిద్రపోయిన మాట నిజమే కదా అంటావు. నిజమే. అబద్ధం ఆడమని నేను చెప్పను. ఫొటో పెట్టుకుని వాళ్లు కూర్చుంటే "నేను అసలు నిద్రే పోలేదు" అని రాస్తే మిగతా నిజాలు కూడా అబద్ధాల లెక్కలోకి పోతాయి. కానీ నీ నిజం ఫొటోలో ఉన్నంతే కాదు. మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారు 3:40 అంటే నువ్వు పద్నాలుగో గంటలో ఉన్నావు. అది ఫొటోలో లేదు, ఛార్జిషీటులో అంతకంటే లేదు. నువ్వు రాయకపోతే ఇంకెవరూ రాయరు. నేనైతే ఇలా రాస్తాను:

"గురువారం మధ్యాహ్నం 2 గంటలకు బి షిఫ్ట్‌లో చేరాను. సి షిఫ్ట్‌లో నా స్థానంలోకి రావలసిన వ్యక్తి రాకపోవడంతో ఇన్‌చార్జి గారి ఆదేశంపై అదే మెషిన్ మీద కొనసాగాను. శుక్రవారం తెల్లవారుజామున 3:40 ప్రాంతంలో, విరామం లేని పద్నాలుగో గంటలో, కుర్చీలో కూర్చుని ఉండగా కొద్ది నిమిషాలు కునుకు పట్టింది. అది నేను కావాలని చేసింది కాదు. మెషిన్ ఆగలేదు, ఉత్పత్తికి నష్టం జరగలేదు. నా ఆరేళ్ల సర్వీసులో ఇంతకుముందు ఎలాంటి మెమో లేదు. దురుసు ప్రవర్తన అన్న ఆరోపణను అంగీకరించడం లేదు. నేను ఏ మాటలు అన్నానని ఆరోపిస్తున్నారో ఛార్జిషీటులో లేదు కాబట్టి దానికి వివరంగా జవాబు ఇవ్వలేకపోతున్నాను."

మెషిన్ ఆగిందో లేదో నీకే తెలుసు. ఆగి ఉంటే ఆ వాక్యం తీసెయ్. విరామం ఇచ్చి ఉంటే ఆ మాట కూడా తీసెయ్.

రెండో ఆరోపణ మీద అంత పట్టు ఎందుకంటే, ఆరోపణ చేసేవాడు ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నాడో చెప్పాలి. "దురుసుగా" అన్నది వాళ్ల అభిప్రాయం, జరిగిన సంగతి కాదు. మూడోది, క్రమశిక్షణకి భంగం అన్నది, మొదటి రెండిటికీ తోక. అది ప్రతి ఛార్జిషీటులోనూ ఉంటుంది. దాని గురించి టెన్షన్ పడకు.

48 గంటలు చాలకపోతే గడువు అడుగు. కావాల్సిన కాగితాలు కూడా అదే లేఖలో అడుగు: ఇన్‌చార్జి ఇచ్చిన ఫిర్యాదు కాపీ, టైమ్ కనిపించే అసలు ఫొటో, ఆ రెండు రోజుల బయోమెట్రిక్ హాజరు, షిఫ్ట్ లాగ్‌బుక్ పేజీ, కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లు (అంటే ఉద్యోగ నియమాలు). బయోమెట్రికే నీ ప్రధాన సాక్షి, అది వాళ్ల దగ్గరే ఉంది. స్టాండింగ్ ఆర్డర్లు తెలుగులో కూడా ఉండాలి, అడగడానికి మొహమాటపడకు. లేఖ రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకదాని మీద "అందినది" అని సంతకం, తేదీ, ముద్ర వేయించుకో. తీసుకోం అంటే స్పీడ్ పోస్ట్‌కి 48 గంటల లోపే తేదీ పడేలా చూడు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సంజాయిషీలోనే కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. ఓవర్‌టైమ్ ఇవ్వట్లేదు, క్యాంటీన్ కూడు బాగోలేదు, ఇన్‌చార్జికి మా ఊరోళ్లంటే పడదు, యూనియన్ పెట్టానని కక్ష, ఇలా. సంజాయిషీ వేరు, ఫిర్యాదు వేరు. ఒకే కాగితంలో కలిపితే రెండూ చెడతాయి. సంజాయిషీలో యూనియన్ గురించి ఒక్క వాక్యం చాలు: ఫలానా తేదీన నేను ఆఫీస్ బేరర్‌గా ఎన్నికయ్యాను, ఆ సమాచారం మేనేజ్‌మెంట్‌కి ఫలానా తేదీన ఇచ్చాం, ఆ తర్వాతే ఈ చర్య మొదలైంది. "కక్ష" అన్న మాట నువ్వు వాడకు. తేదీలు పక్కపక్కన ఉంటే చదివేవాడికే తడుతుంది.

ఎడతెగని డబుల్ షిఫ్ట్ మీద ఫిర్యాదు మాత్రం విడిగా, గ్రీవెన్స్ కమిటీకి ఇవ్వు. 20 మంది, అంతకు పైన పనిచేసే ప్రతి చోటా ఆ కమిటీ ఉండాలి. మేనేజ్‌మెంట్ వాళ్లూ, కార్మికులూ సమానంగా, మొత్తం పదిమందికి మించకుండా ఉంటారు. సంగతి జరిగిన ఏడాది లోపు ఫిర్యాదు చేయొచ్చు, వాళ్లు 30 రోజుల్లో తేల్చాలి. మీ దగ్గర కమిటీ నోటీసు బోర్డు మీద పేర్లకే ఉండొచ్చు, ఫర్వాలేదు, ఇవ్వు. ఆ రాత్రి నిన్ను ఎవరు, ఎందుకు ఉంచారన్న ప్రశ్న మీద వాళ్లేదో ఒక జవాబు రాయక తప్పదు. అది ఎంక్వైరీలో నీకే పనికొస్తుంది. అదనపు గంటలకి రెట్టింపు కూలి పడిందో లేదో కూడా ఈ నెల జీతం చీటీలో చూసుకో.

ఈ లెక్కలు కొత్త చట్టంవి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. మేం కంఠతా పట్టిన 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం మూడూ అందులో కలిసిపోయాయి. ఇంతకుముందు వంద మంది ఉంటే స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి, ఇప్పుడు మూడొందలు ఉండాలి. నాకిది నచ్చలేదు. మన జిల్లాల్లో నూటయాభై, రెండొందల మందితో నడిచేవి చాలా ఉన్నాయి. మీ సంఖ్య మూడొందలు దాటింది కాబట్టి నీకు ఇబ్బంది లేదు.

ఎంక్వైరీ గదిలో ఏం జరుగుతుందో ఒకటి చెప్తాను, ఇది నీ కేసు లాంటిదే. మా మిల్లు బ్యాచింగ్ విభాగంలో ఒకడు సి షిఫ్ట్‌లో నిద్రపోయాడని ఛార్జిషీటు. సాక్షి వాచ్‌మన్. పాపం పెద్దాయన, అబద్ధం చెప్పే రకం కాదు, చెప్పమన్నది చెబుతున్నాడు. నేను గట్టిగా ఏమీ అడగలేదు. ఎక్కడ పడుకున్నాడు తాతా అన్నాను. "గోనెల మీద బాబూ." ఎటు తిరిగి? "గోడ వేపు." మొహం చూశావా? "తువ్వాలు కప్పుకున్నాడు కదా, ఎలగ కనపడతాది?" మరి ఈయనే అని ఎలా తెలిసింది? "ఓవర్సీరు బాబు సెప్పారు."

గదిలో అందరికీ నవ్వొచ్చింది. నేను నవ్వలేదు, ఎంక్వైరీ ఆఫీసరు ఏం రాస్తున్నాడో చూస్తున్నాను. ఆయన రాసింది, "సాక్షి కార్మికుడిని గుర్తించాను అని చెప్పెను." అంతే. తువ్వాలు లేదు, ఓవర్సీరు లేడు. సాయంత్రం ఆ షీటు మీద సంతకం పెట్టమన్నారు. నేను సాక్షి అన్న మాటలు అన్నట్టుగా రాయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు మా వాడి సంతకం పైన, ఇరుకు చోటులో, "మొహం తువ్వాలుతో కప్పి ఉందని, ఓవర్సీరు చెబితే తెలిసిందని సాక్షి చెప్పారు, అది రాయలేదు, అభ్యంతరంతో సంతకం" అని రాయించాను. ఆ ఒక్క వాక్యం వల్లే తర్వాత మేనేజ్‌మెంట్ తనంతట తనే కేసు వదిలేసింది. ఆ రోజు అరిచి బయటికొచ్చేసి ఉంటే వాచ్‌మన్ గుర్తుపట్టినట్టే మిగిలేది.

కాబట్టి ఎంక్వైరీలో నీ పని ఇది. తోటి కార్మికుడిని ఒకరిని వెంట పెట్టుకో. మాటకారి కంటే తెలుగు, ఇంగ్లీషు రెండూ చదివి, నిదానంగా రాసుకునేవాడైతే మంచిది. ప్రొసీడింగ్స్ తెలుగులో రాయమని మొదటి రోజే అడుగు. ఇన్‌చార్జిని నువ్వు అడగాల్సినవి నాలుగు ప్రశ్నలే: సి షిఫ్ట్‌కి రావాల్సింది ఎవరు, రాలేదని మీకు ఎన్ని గంటలకి తెలిసింది, నన్ను ఉండమన్నది ఎవరు, ఫొటో తీయక ముందు నన్ను లేపారా. ఆయన ఏం చెప్పినా నీకు నష్టం లేదు. ప్రతి సిట్టింగు కాపీ ఆ రోజే తీసుకో. రెండు సిట్టింగులు అయ్యాక విసుగొస్తుంది, "తేల్చేయండి సార్" అనాలనిపిస్తుంది. అనకు.

ఎంక్వైరీ ఆఫీసరు విశాఖ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన వకీలు అయి ఉంటాడు, ఆయనకి ఫీజు కంపెనీయే ఇస్తుంది. ఒక్క ఆ కారణంతో ఎంక్వైరీ చెల్లదనడానికి లేదు, ఆ గొడవ పెట్టుకుని శక్తి వృథా చేసుకోకు. ఫిర్యాదు చేసినవాడే విచారిస్తే మాత్రం వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పు.

విచారణ అయ్యాక రిపోర్టు కాపీ నీకివ్వాలి, దాని మీద నీ మాట విన్నాకే శిక్ష వెయ్యాలి. ఇది హైదరాబాద్ ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఉద్యోగి కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ప్రభుత్వ సంస్థకైనా ప్రైవేటుకైనా అదే. రిపోర్టు, డిస్మిసల్ ఆర్డరు ఒకే కవరులో పెట్టి పంపేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాం.

నీకు ధైర్యం చెప్పడానికే ఇదంతా రాయట్లేదు, చేదు సంగతి కూడా విను. డ్యూటీలో నిద్ర చిన్న తప్పేలే అని కోర్టులు ఎప్పుడూ అనుకోవు. పుణె దగ్గర ఒక కంపెనీలో హెల్పర్ 1983లో పట్టపగలు ఇనప పలక మీద గాఢ నిద్రలో దొరికాడు. డిస్మిస్ చేశారు. ఆ కేసు 2005 దాకా నడిచి సుప్రీంకోర్టులో కంపెనీయే గెలిచింది. అయితే అక్కడ ఆయన అంతకుముందు మూడుసార్లు శిక్ష పడ్డవాడు, ఇది నాలుగోది. నీది మొదటిది, అదీ పద్నాలుగో గంటలో. శిక్ష తప్పుకి మించి ఉంటే తగ్గించే అధికారం లేబర్ కోర్టుకి 1971లో పారిశ్రామిక వివాదాల చట్టం 11ఏ సెక్షన్‌తో వచ్చింది, కొత్త కోడ్‌లోనూ ఉంది. నా అంచనా అడిగితే, సంజాయిషీ సరిగ్గా ఉంటే ఇది వార్నింగో, రెండు మూడు రోజుల సస్పెన్షనో అవుతుంది. యూనియన్ మీద కన్ను ఉంటే సాగదీస్తారు.

విచారణ తేలేదాకా సస్పెండ్ చేస్తే భయపడకు. మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం నీ వల్ల కాకపోతే 75 శాతం జీవనభృతి ఇవ్వాలి. సస్పెన్షన్ నాటి నుంచి 90 రోజుల్లో మామూలుగా విచారణ ముగించాలని కూడా కోడ్‌లో ఉంది. ఆ రోజుల్లో బావమరిది షాపులో కూర్చున్నా సరే, ఇంకో చోట జీతానికి మాత్రం చేరకు. వేరే పనిలో లేనని నీ చేత రాయించుకుంటారు, తర్వాత దాన్నే పట్టుకుంటారు.

తీసేస్తే శ్రీకాకుళం లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్‌కి, అంటే రాజీ చర్చలకి, అర్జీ పెట్టు. యూనియన్ సంతకం లేకపోయినా నువ్వొక్కడివే పెట్టొచ్చు. 45 రోజులు గడిచినా తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కి, అంటే లేబర్ కోర్టు లాంటి పారిశ్రామిక న్యాయస్థానానికి, వెళ్లొచ్చు. తీసేసిన రోజు నుంచి రెండేళ్ల లోపు వెళ్లాలి, పాత చట్టంలో మూడేళ్లు ఉండేది. "మళ్లీ తీసుకుంటాం, ఆగు" అని ఎవరైనా చెబుతూ ఉంటే ఆ రెండేళ్లు ఇట్టే కరిగిపోతాయి. వకీలు ఖర్చుకి భయపడకు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఉచితంగా వకీలుని ఇస్తారు, శ్రీకాకుళం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగు. ఈ సంగతి చాలామంది యూనియన్ నాయకులకే తెలియదు.

మీ సెక్రటరీకి నా మాటగా చెప్పు, తప్పుగా అనుకోవద్దని. గేటు దగ్గర కూర్చోవాలంటే ముందు చట్టం చూసుకోవాలి. సమ్మెకి 14 రోజుల నోటీసు ఉండాలి. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా కొత్త కోడ్ దాన్ని సమ్మె కిందే లెక్కేస్తుంది. నోటీసు లేకుండా కూర్చుంటే ఒక ఛార్జిషీటు ముప్పై అవుతాయి, రెండు నెలల యూనియన్ దాన్ని మోయలేదు. దానికి బదులు ఆ నెలలో ఎంతమంది చేత వరసగా రెండు షిఫ్టులు చేయించారో పేర్లు, తేదీలు రాయించమను. వాళ్ల చేత ఎంక్వైరీలో సాక్ష్యం చెప్పించమను. ఇన్‌చార్జి ముందు కూర్చుని నోరు విప్పడానికి ముగ్గురు దొరికినా, నినాదాలిచ్చే మూడొందల మంది కంటే నీకు ఎక్కువ మేలు.

నువ్వు రాసిన దాంట్లో ఒక్కటి లేదు, ఛార్జిషీటు మీద సంతకం ఎవరిది? ఫొటో తీసిన ఇన్‌చార్జే పెట్టి ఉంటే సంజాయిషీలో ఇంకో పేరా కలపాలి. అది చూసి చెప్పు. సంజాయిషీ డ్రాఫ్ట్ రాసి పెట్టు, ఇవ్వక ముందు ఒకసారి చూస్తాను. రేపు మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాను.